కంప్యూటరులోని కల్పిత తీగలు



శాస్త్రచరిత్రలో ‘ఈథరు’ అను మాటకు పట్టిన గతి విచిత్రమైనది. వెలుగు శూన్యములో ఎట్లు ప్రయాణించుచున్నదని పందొమ్మిదవ శతాబ్దపు పండితులు తమలో తాము ప్రశ్నించుకొని, అలకు నీరు ఉన్నట్లు వెలుగునకు కూడ ఏదో ఒక ఆధారము ఉండి తీరవలెనని తలచి, విశ్వమంతట నిండిన ఒక సూక్ష్మ పదార్థమును ఊహించి దానికి ఈథరు అని పేరు పెట్టిరి. 1887లో మైకెల్సన్, మోర్లీ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు అమెరికాలో దానిని పట్టుకొనుటకు మిక్కిలి సున్నితమైన పరీక్ష చేసి, దాని జాడ కానకపోయిరి. 1905లో ఐన్‌స్టీను, ఆ పదార్థముతో అక్కఱ లేకయే లెక్క సరిపోవునని చూపెను. లేదని తేలిన ఆ వస్తువు పేరు 1973లో మరల బ్రతికినది. ఆ సంవత్సరము మే 22వ తేదీన, కాలిఫోర్నియాలోని జిరాక్సు సంస్థ పరిశోధనాలయములో రాబర్టు మెట్కాఫ్ అను ఇంజనీరు, ఒక ఉమ్మడి తీగకు అనేక కంప్యూటర్లను తగిలించి వాటిచేత మాటలాడించు పద్ధతిని కాగితము మీద పెట్టి, దానిని ‘ఈథర్నెట్టు’ అనెను. అందరికిని ఉమ్మడిగా ఉండి, వార్తను మోయుట తప్ప మఱేమియు చేయనిది గనుక ఆ పేరు కుదిరినది.

నేటి ప్రసంగము ఆ కథలో తరువాతి మెట్టును గూర్చినది. ఇప్పుడు ఆ తీగ కూడ లేదు. ఒకే కంప్యూటరులో, రాగి గాని గాజు గాని రవ్వంతయు వాడక, రెండు కొనలు గల ఈథర్నెట్టు తీగ నొకదానిని కేవలము ప్రోగ్రాముతో సృష్టించి, ఈ కొనకు ఒక ఊరిని, ఆ కొనకు మఱియొక ఊరిని కట్టవచ్చును. దీనిని వర్చువల్ ఈథర్నెట్టు అందురు. లినక్సు వాడువారు పొట్టిగా ‘వెత్’ అందురు. తెలుగు చెవికి అది ‘వెత’ వలె వినిపించును. క్రొత్తగా నేర్చువానికి మొదటి రెండు దినములు ఆ అర్థము కూడ కొంత సరిపోవును.

ఊళ్లని ఊరక అనలేదు. తెనాలి, బాపట్ల, రేపల్లె అను మూడు ఊళ్లను పట్టుకొని ఈ విషయము చెప్పదలచితిని. ఏలయన, ఆ మూడును రైలు మార్గమున ఉన్న తీరే నెట్‌వర్కు పాఠమునకు బొమ్మ గీసినట్లున్నది. విజయవాడ నుండి చెన్నై పోవు పెద్ద లైను మీద తెనాలి జంక్షను. అదే లైనున దక్షిణముగా సాగి నిడుబ్రోలు దాటినచో బాపట్ల. తెనాలి నుండి వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లెకు పోవు కొమ్మ లైను 1916లో వచ్చినది. అది రేపల్లెతో ఆగిపోవును. కనుక బాపట్లవాడు రైలు మీదనే రేపల్లె పోదలచినచో తెనాలి దాక ఎగువకు వచ్చి, బండి మారి, మరల దిగువకు పోవలెను. రోడ్డు లేదా, బస్సు లేదా అని రేపల్లె శ్రోతలు అడుగుదురేమో. ఈ పాఠము ముగియువరకు బస్సును మరచిపోవలసినదిగా వారిని ప్రార్థించుచున్నాను.

ఈ విషయమును రేడియోలో చెప్పుటకు ఒక కారణము కలదు. బాపట్లలో 1945లో వ్యవసాయ కళాశాల, 1981లో ఇంజనీరింగు కళాశాల వెలసినవి. ఆ ప్రాంతమున కంప్యూటరు చదువు చదివి హైదరాబాదునకు, బెంగుళూరునకు, సముద్రముల ఆవలకు పోవు పిల్లలు ఎందరో. వారి పాఠ్యపుస్తకములో నెట్‌వర్కు అనగానే మూడు కంప్యూటర్లు, నడుమ ఒక రౌటరు, ఒక స్విచ్చి గల బొమ్మ ఉండును. ఆ బొమ్మను నిజముగా కట్టి చూచు అవకాశము ఎంతమందికి దొరకును? ప్రయోగశాలలో వారమునకు కొన్ని గంటలు. ఒక్కొక్క యంత్రము ముందు పలువురు. ఇంటివద్ద కట్టుకొందమన్న సామగ్రి వెల ఎక్కువ. తీగను చేతితో ఊడబెరికి ఏమగునో చూడనివానికి, ఉద్యోగములో తీగ ఊడినప్పుడు ఏమి జరిగినదో తోచదు. ఈ లోటు ఒక్క పాత ల్యాప్‌టాపుతో తీరునని చెప్పుటకే ఈ ప్రసంగము. లినక్సు ఉచితముగా దొరకును. మిగిలినదంతయు దానిలోనే ఉన్నది.

ముందు నిజమైన ఈథర్నెట్టు సంగతి కొంచెము తెలిసికొనవలెను. కంప్యూటరునకు నెట్‌వర్కుతో పొత్తు కలిగించు చోటును ఇంటర్‌ఫేసు అందురు. నేను దానిని ‘వాకిలి’ అనెదను. ఇంటిలోనివారు బయటకు పోవుటకును, బయటివారు లోనికి వచ్చుటకును వాకిలి ఎట్లో, కంప్యూటరు వార్తలకు ఇది అట్లు. ఈథర్నెట్టు కార్డు అను వాకిలికి 48 బిట్ల చిరునామా ఒకటి ఫ్యాక్టరీలోనే అచ్చు వేయబడి వచ్చును. అది మ్యాక్ చిరునామా. అందు మొదటి 24 బిట్లు తయారుచేసిన సంస్థకు ఐఈఈఈ అను ఇంజనీర్ల సంఘము కేటాయించిన గుర్తు. ఈ వాకిలి గుండ పోవు ఒక్కొక్క మూటను ఫ్రేము అందురు. దానిపై పంపువాని చిరునామా, అందుకొనువాని చిరునామా, లోపల సామాన్యముగా 1500 బైట్లకు మించని సరకు.

ఇక ముఖ్యమైన మాట. ఆపరేటింగు సిస్టమునకు గుండెకాయ వంటిది కెర్నెలు. ఆ కెర్నెలు తీగను ఎన్నడును చూడలేదు. దానికి తెలిసినదెల్ల ఒక పట్టిక: ఈ వాకిలి పేరు ఇది, చిరునామా ఇది, ఇంత పెద్ద మూట పట్టును, ఇప్పుడు తెరచియున్నది లేక మూసియున్నది, ఇంతవరకు ఇన్ని మూటలు పోయినవి, ఇన్ని వచ్చినవి, మూట పంపవలెనన్న ఇదిగో ఈ పనివానిని పిలువవలెను. అంతియే. పంపుము అని చెప్పిన తరువాత ఆ పనివాడు దానిని రాగితీగ మీద విద్యుత్తుగా పంపెనో, గాజుపోగులో వెలుగుగా పంపెనో, గాలిలో తరంగముగా పంపెనో కెర్నెలు అడుగదు. అది ఒక ఒప్పందము. ఒప్పందము నెరవేరినంతవరకు వెనుక ఏమున్నదని ప్రశ్న లేదు. తీగ అనునది ఆ ఒప్పందమును నెరవేర్చు అనేక ఉపాయములలో ఒకటి మాత్రమే. ఈ ఒక్క సంగతి గట్టిగా పట్టుబడినచో, తీగ లేని ఈథర్నెట్టులో మాయ ఏమియు మిగులదు.

ఇట్టి తీగ లేని వాకిలి మనకు మునుపే పరిచితము. ప్రతి కంప్యూటరులోను 127.0.0.1 అను చిరునామాతో ‘లూప్‌బ్యాక్’ అను వాకిలి ఉండును. అందులో వేసిన ఉత్తరము తిరిగి తన చేతికే వచ్చును. తనతో తాను మాటలాడుకొనుటకు అది చాలును. ఇద్దరు మాటలాడుకొనవలెనన్న రెండు కొనలు కావలెను. ఆ లోటు తీర్చుటకు లినక్సులో 2008 జనవరిలో వచ్చిన 2.6.24వ కెర్నెలుతో వెత్ జంటలు ప్రవేశించినవి.

వెత్ ఎన్నడును ఒంటిగా పుట్టదు, కవలలుగా పుట్టును. రెండు వాకిళ్లు, రెండు పేర్లు, రెండు చిరునామాలు. ఈ వాకిలిలో వేసిన మూట ఆ వాకిలిలో తేలును. ఆ వాకిలిలో వేసినది ఈ వాకిలిలో తేలును. డెల్టా రైతులకు తెలిసిన పోలిక చెప్పవలెనన్న, కాలువ గట్టు క్రింద వేసిన తూము వంటిది. ఒక వైపు నీరు వదలిన రెండవ వైపు వచ్చి తీరవలెను. నడుమ ఎచ్చటను పంపకము లేదు. ఒక వైపు తలుపు మూసినచో రెండవ వైపువానికి కూడ, తీగ ఊడినది అను కబురు అందును.

లోపల జరుగునది మఱింత సరళము. నిజమైన కార్డు విషయములో, పంపువాని జ్ఞాపకశక్తిలోని బైట్లను కార్డు తీసికొని తీగ మీదికి ఎక్కించవలెను. ఆవలి కార్డు వాటిని దింపి తన యంత్రపు జ్ఞాపకశక్తిలో పేర్చవలెను. వెత్‌లో పంపు పనివాడు చేయునది ఇది: నా కవల ఎవరు అని చూచును, మూట మీద ‘ఇది నా కవల వాకిలికి వచ్చినది’ అని చీటీ మార్చును, వచ్చిన మూటల వరుసలో దానిని పెట్టి తన పనికి పోవును. మూటను విప్పడు, నకలు తీయడు. సామాన్యముగా చేతులు మారునది మూట ఎచ్చట ఉన్నదో చెప్పు గుర్తు మాత్రమే. ఒకే కచేరీలో ఒక గుమాస్తా బల్ల మీది ఫైలు పక్క గుమాస్తా బల్ల మీదికి పోవుటకు దానిని తపాలాలో వేయనక్కఱ లేదు కదా! అయితే ఆ వరుసకు ఒక హద్దు కలదు. మామూలుగా వేయి మూటలు. అందుకొనువాడు ఎత్తుకొనకముందే అంతకు మించి వచ్చి పడినచో మిగిలినవి పారవేయబడును. తీగ లేకున్నను మూటలు పోవుట ఉన్నదన్నమాట.

ఇంతవరకు వచ్చి, ఒకే ఇంటిలో రెండు వాకిళ్లకు తూము వేసిన లాభమేమి అని తెలివిగల శ్రోత అడుగును. లాభము లేదు, ఇంటిని గదులుగా చేయనంతవరకు. ఆ గదులను నెట్‌వర్కు నేమ్‌స్పేసులు అందురు. ఒక్కొక్క నేమ్‌స్పేసులో దానివే వాకిళ్లు, దానిదే దారుల పట్టిక, దానిదే ఇరుగుపొరుగు చిరునామాల పుస్తకము, దానివే కాపలా నియమములు. తెనాలిలో వెంకటేశ్వర్లు అని పిలిచిన పదిమంది పలుకుదురు. ఇంటిపేరు చేర్చినచో ఒక్కడు. నేమ్‌స్పేసు ఆ ఇంటిపేరు వంటిది. రెండు నేమ్‌స్పేసులలో ఒకే చిరునామా ఉన్నను కలత లేదు. క్రొత్తగా పుట్టిన నేమ్‌స్పేసు కటిక చీకటి గది: లూప్‌బ్యాక్ తప్ప వేఱు వాకిలి లేదు, అది కూడ మూసియుండును. వెత్ జంటలో ఒక కొనను ఎత్తి ఆ గదిలో పెట్టినప్పుడు దానికి లోకముతో సంబంధము ఏర్పడును. కవలలలో ఒకరిని రేపల్లెకు దత్తత ఇచ్చినట్లు; ఎచ్చట పెరిగినను తోబుట్టువుతో పొత్తు తెగదు.

ఇప్పుడు మన మూడు ఊళ్లను కట్టుదము. ఆజ్ఞలు ఆంగ్లాక్షరములలో టైపు చేయవలసినవి. నేను చదివి వినిపించెదను. యంత్రమునకు పెద్దదిక్కయిన ‘రూట్’ అధికారముతో చేయవలెను. ‘ఐపీ నెట్‌ఎన్‌ఎస్ యాడ్ బాపట్ల’ అన్న బాపట్ల వెలయును. అట్లే తెనాలి, రేపల్లె. పిదప ‘ఐపీ లింక్ యాడ్ బీ0 టైప్ వెత్ పీర్ నేమ్ టీబీ’ అన్న ఒక జంట పుట్టును: బీ0 ఒకటి, టీబీ రెండవది. వాకిలి పేరు పదునైదు అక్షరములకు మించరాదు గనుక ఇట్టి పొట్టి పేర్లు. ‘ఐపీ లింక్ సెట్ బీ0 నెట్‌ఎన్‌ఎస్ బాపట్ల’ అని ఒక కొనను బాపట్లకు, అదే విధమున టీబీని తెనాలికి పంపవలెను. ఆర్0, టీఆర్ అను రెండవ జంటను రేపల్లెకును తెనాలికిని పంచవలెను. తెనాలికి రెండు వాకిళ్లు, తక్కిన రెండు ఊళ్లకు ఒక్కొక్కటి. పటము చూచినట్లే ఉన్నది.

చిరునామాలు: బాపట్లకు 10.1.0.2, దానికి ఎదురుగా తెనాలి వాకిలికి 10.1.0.1, రేపల్లెకు 10.2.0.2, దాని ఎదుట తెనాలికి 10.2.0.1. చిరునామా వెంట 24 అను గీటు సంఖ్య చేర్చుట మరువరాదు. మొదటి మూడు అంకెలు పేటకు, చివరిది ఇంటికి అని దాని భావము. వాకిళ్లన్నియు ‘అప్’ అని తెరువవలెను. ఇప్పుడు బాపట్ల నుండి తెనాలికి ‘పింగ్’ అను పలకరింపు పంపిన జవాబు వచ్చును. తెర మీద ఆ మొదటి వరుస చూచిన పిల్లవాని ముఖము చూడదగినది.

ఆ పలకరింపునకు ముందు ఒక చిన్న తంతు జరిగినది. తెనాలి వాకిలి మ్యాక్ చిరునామా బాపట్లకు తెలియదు. కనుక ‘10.1.0.1 ఎవరిది? చెప్పుడు’ అని తీగ మీద అందరికిని వినబడునట్లు దండోరా వేసినది. ఆ తీగకు ఉన్నది రెండే కొనలు, వినువాడు ఒక్కడే. ఐనను ఈథర్నెట్టు ఆచారము తప్పరాదు. తెనాలి బదులు చెప్పినది; బాపట్ల వ్రాసికొన్నది. టీసీపీడంప్ అను పనిముట్టును తెనాలి వాకిలి ముందు కూర్చుండబెట్టిన ఈ సంభాషణ యావత్తు అక్షరాల చదువవచ్చును.

బాపట్ల నుండి రేపల్లెకు పింగ్ చేయుడు. అందదు! ‘దారి లేదు’ అను మాట వచ్చును. బాపట్లకు తన పేట తప్ప వేఱేమియు తెలియకపోవుటయే కారణము. ‘తెలియని ఊళ్లకెల్ల 10.1.0.1 మీదుగా పొమ్ము’ అని ఒక దారి వ్రాయవలెను. వ్రాసినను అందదు. మూట తెనాలి దాక వచ్చి ఆగును. ఏలయన ఒకరి మూటను మఱొకరికి అందించుట ప్రతి యంత్రమునకు స్వధర్మము కాదు. ‘ఐపీ ఫార్వర్డ్’ అను మీటను 0 నుండి 1కి తిప్పిన పిదపనే తెనాలి జంక్షను అగును. అంతవరకు అది పట్టాల చివరి స్టేషను. తిప్పినను జవాబు రాదు! రేపల్లెకు తిరుగుదారి చెప్పలేదు మరి. పోవుటకు టిక్కెట్టు కొనినవాడు వచ్చుటకు కొనలేదు. నెట్‌వర్కు పనిలో చేయితిరిగినవారు కూడ మరచునది ఈ తిరుగుదారినే. అది కూడ వ్రాసినచో జవాబు వచ్చును. దాని ప్రక్క ‘టీటీఎల్ 63’ అని కనబడును. ప్రతి మూటకు ఆయుర్దాయముగా 64 వంటి అంకె ఒకటి ఇచ్చి, నడుమ ఒక్కొక్క రౌటరు దాటినప్పుడెల్ల ఒకటి తగ్గింతురు. 63 అన్న ఒక జంక్షను దాటినదని అర్థము. ఆ జంక్షను తెనాలి.

తెనాలిని మఱొక విధముగా కూడ కట్టవచ్చును. టీబీని, టీఆర్‌ను ‘బ్రిడ్జి’ అను మఱొక కల్పిత వస్తువునకు తగిలించి, బాపట్లకును రేపల్లెకును ఒకే పేట చిరునామాలు ఇచ్చినచో, తెనాలి రౌటరుగా కాక వట్టి స్విచ్చిగా పనిచేయును. ఈ రెంటికి భేదమేమి? ప్రయాణికుడు తెనాలిలో దిగి, రేపల్లె బండి ఎక్కుట మొదటిది. లోపలి మనిషి ఆతడే, బండి మారినది. అట్లే రౌటరు వద్ద పై ఫ్రేము విప్పబడి క్రొత్త ఫ్రేము తొడుగబడును. లోపలి ఐపీ మూట నిలుచును. ప్రయాణికుని లేపకుండ, పెట్టెనే ఈ బండి నుండి విప్పి ఆ బండికి తగిలించుట రెండవది, అది బ్రిడ్జి. ఫ్రేము చెక్కుచెదరదు, ఆయుర్దాయము తగ్గదు, 64 అట్లే ఉండును. ఎవరు ఏ వాకిలి వైపున ఉన్నారో బ్రిడ్జి వచ్చిన ఫ్రేములను చూచి తానే నేర్చుకొనును. మామూలుగా 300 సెకండ్లు మాట వినబడనివారిని మరచిపోవును. తెలియని చిరునామా వచ్చిన అన్ని వైపులకు పంపును.

2013లో బయటకు వచ్చిన డాకర్ అను సాధనము మామూలుగా చేయునది ఈ రెండవ ఏర్పాటే: ఒక బ్రిడ్జి, దానికి ఒక్కొక్క కంటెయినరు నుండి ఒక్కొక్క వెత్. నేడు మన పిల్లలు హైదరాబాదులోనో డల్లాసులోనో కూర్చుండి వ్రాయు సేవలలో ఎన్నియో ఇట్టి కల్పిత తీగ చివరనే వ్రేలాడుచున్నవి. బ్యాంకు లెక్కయో, రైలు టిక్కెట్టో ఆ తూము గుండ పోవుచుండవచ్చును. కనుక తీగ లేని తీగ, తీగ చేయు పనులలో వేటిని చేయదో తెలిసియుండుట వినోదము కాదు, అవసరము.

కొన్ని భేదములు హానిలేనివి. వెత్ వాకిలికి ఫ్యాక్టరీ లేదు గనుక మ్యాక్ చిరునామాను కెర్నెలే చీట్లు వేసినట్లు ఎంచి ఇచ్చును. ఇది స్థానికముగా పెట్టినది అని తెలుపుటకు అందులో ఒక బిట్టును గుర్తుగా నిలుపును. నీ వేగమెంత అని అడిగిన, సెకండునకు 10,000 మెగాబిట్లు అని తడుముకొనక చెప్పును. అది ఒట్టి మాట. అడిగినవానికి ఏదో ఒక అంకె కావలెను, దానికి తోచినది చెప్పినది. నిజమైన వేగము యంత్రపు సత్తువను బట్టి ఉండును.

కాని ఒక భేదము హాని చేసినది. ఆ కథ తెలిసికొనదగినది. తీగ మీద పోవు సరకు చెడవచ్చును గనుక, పంపువాడు సరకులోని అంకెలను ఒక పద్ధతిగా కూడి, వచ్చిన మొత్తమును మూట మీద వ్రాయును. దానిని చెక్‌సమ్ అందురు. అందుకొనువాడు మరల కూడి చూచి, పొసగనిచో మూటను పారవేయును. యంత్రము లోపలనే పుట్టి యంత్రము లోపలనే చేరు సరకునకు ఈ తూకము వృథా. ఏ తీగయు ఎక్కలేదు, చెడుట ఎట్లు? అందుచేత వెత్ వ్రాసినవారు, మూట దాటునప్పుడు ‘దీనిని తూచనక్కఱ లేదు’ అను గుర్తు వేయునట్లు ఏర్పాటు చేసిరి. తెనాలిలో నింపిన బస్తా తెనాలి గోదాములోనే చేతులు మారినప్పుడు మరల కాటా వేయుట ఎందుకు? వాదము సరియైనదే.

కాని తెనాలి జంక్షను కదా! చెన్నై నుండి పెద్ద లైను మీద వచ్చి, ఇచ్చట రేపల్లె బండికి మారు బస్తాలు కూడ ఉండును. అవి దారిలో చిరిగియుండవచ్చును. వాటిని కూడ ‘తూచనక్కఱ లేదు’ అను గుర్తుతో లోపలికి పంపినచో? సరిగా అదే జరిగినది. బయటి తీగ నుండి చెడిన చెక్‌సమ్‌తో వచ్చిన మూట, కెర్నెలు ఇంకను తూచకముందే వెత్ గుండ కంటెయినరులోనికి మళ్లింపబడినప్పుడు, వెత్ దానిపై మంచిది అను ముద్ర వేసి పంపినది. లోపలి ప్రోగ్రాము చెడిన సరకును నిక్కమని నమ్మినది. ఈ లోపము కొన్ని ఏండ్లు ఎవరికిని కనబడలేదు. ఒక పెద్ద సంస్థలో నడుమనున్న పరికరము చెడి, పాడైన మూటలు పంపసాగినప్పుడు ఇంజనీర్లు వెంట పట్టి మూలము కనుగొనిరి. 2015 డిసెంబరులో సవరణ సమర్పింపబడినది. 2016లో పాత కెర్నెళ్లకు కూడ అందింపబడినది. సవరణ అనగా క్రొత్తగా వ్రాసినది కాదు, ఆ ముద్ర వేయు రెండు మూడు వరుసలను కొట్టివేయుట. తప్పు కనుగొనుటకు పట్టిన శ్రమతో పోల్చిన ఆ దిద్దుబాటు ఆవగింజంత.

తప్పు ఎచ్చట ఉన్నది? తూచకుండుటలో లేదు. ఈ మూట ఇచ్చటనే పుట్టినది అని విచారింపక అనుకొనుటలో ఉన్నది. తూము రెండు కొనలు ఒకే యంత్రములో ఉన్నంత మాత్రమున, అందులో పారు నీరు ఆ యంత్రములోనిదే కావలెనని లేదు.

గదుల విషయమున కూడ ఒక హెచ్చరిక. నేమ్‌స్పేసుల నడుమ గోడలు గట్టివే గాని, అన్నింటికి పైకప్పు ఒక్కటే. అందరికి కెర్నెలు ఒక్కటే. కెర్నెలులో లోపమున్నచో ఏ గదివాడైనను గోడ దాటగలడు. వర్చువల్ మెషీను అనునది వేఱు ఇల్లు: తన కెర్నెలు తనకు కలదు, ‘ట్యాప్’ అను వేఱొక కల్పిత వాకిలి గుండ లోకముతో మాటలాడును. బరువెక్కువ, భద్రత ఎక్కువ. ఒకే తీగను పలు తీగలుగా భావించు వీల్యాన్ అను పద్ధతి కూడ ఒకటి కలదు. ఫ్రేము మీద నాలుగు బైట్ల చీటీ అంటించి, ఏ చీటీవారికి ఆ చీటీవారే కనబడునట్లు చేయుదురు. 2022 ఏప్రిలు 4వ తేదీన బాపట్ల జిల్లా ఏర్పడి, రేపల్లె అందులోనికి పోయి, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయినప్పుడు పట్టాలు కదలలేదు, కాలువలు కదలలేదు. కాగితము మీది చీటీ మారినది. వీల్యాన్ అట్టిది. దానిని గూర్చి ఇంతకంటె చెప్పుటకు నేడు వ్యవధి లేదు.

మన ప్రయోగములో ఒక కొఱత మిగిలినది. మన తీగలు మితిమీరిన మంచితనము గలవి. బాపట్ల పలకరింపునకు రేపల్లె జవాబు సెకండులో పదివేలవ వంతు పట్టీ పట్టకముందే వచ్చును. లోకములో ఏ తీగయు అట్లుండదు. అందుచేత విద్యార్థి ‘టీసీ’ అను ఆజ్ఞతో ‘నెట్‌ఎమ్’ అను అడ్డంకిని తెనాలి, రేపల్లెల నడుమ పెట్టుకొనవలెను: ప్రతి మూటను నూఱు మిల్లీసెకండ్లు ఆపుమని, నూటికి ఒకటి చొప్పున పారవేయుమని. కల్పిత తీగకు నిజమైన తీగ జబ్బులను మనమే అంటించుట! అప్పుడు ఒక పెద్ద ఫైలును బాపట్ల నుండి పంపి చూడుడు. నూటికి ఒక్క మూట పోయినంతనే వేగము ఎంతగా కుంగునో, పోయిన మూటను టీసీపీ ఎట్లు మరల అడిగి తెప్పించుకొనునో, తొందరపడక ఎట్లు మెల్లమెల్లగా వేగము పెంచునో కన్నులార కనబడును. జాప్యమును యాభైకి దింపుడు, రెండువందలకు పెంచుడు. పుస్తకములో నెలరోజులు చదివినది ఒక సాయంత్రములో ఒంటబట్టును. చెడిపోవునను భయము లేదు. ఎవరి అనుమతియు అక్కఱ లేదు.

ఆట ముగించదలచినప్పుడు ‘ఐపీ నెట్‌ఎన్‌ఎస్ డిలీట్ రేపల్లె’ అనవలెను. రేపల్లెలో పనిచేయుచున్న ప్రోగ్రాము ఏదియు లేనిచో ఆ ఊరు తొలగిపోవును. దానితోపాటు ఆర్0 పోవును. ఆర్0 పోయినంతనే తెనాలిలోని టీఆర్ కూడ, ఎవరును తాకకుండనే మాయమగును. కవలలలో ఒకటి లేక రెండవది ఉండదు. తెనాలిలో వాకిళ్ల పట్టిక అడిగిన, టీబీ ఒక్కటి, లూప్‌బ్యాక్ ఒకటి కనబడును. బాపట్ల పలకరింపునకు తెనాలి ఇంకను బదులు చెప్పుచుండును.